పెళ్లి భోజనంలో సాల్మొనెల్లా దేన్నుంచి వచ్చిందో ఎలా కనిపెడతారు?

గుంటూరులో పెళ్లి భోజనం చేసిన చాలామందికి విరేచనాలు, జ్వరం వచ్చాయి, టెస్టులో సాల్మొనెల్లా అన్నారు, అందరూ చికెన్‌నే తిడుతున్నారు, నిజమేనా అని అడిగారు.

కావచ్చు, కాకపోనూ వచ్చు. చివరగా తిన్నదాన్నే అనుమానిస్తాం గానీ, ఈ బ్యాక్టీరియా సాధారణంగా 6 నుంచి 72 గంటల్లో ఎప్పుడైనా బయటపడుతుంది కాబట్టి ముందు మూడు రోజుల తిండి మొత్తం అడగాలి. అసలు కీలకం ఏంటంటే, అదే బంతిలో తిని బాగున్నవాళ్లనూ అడగడం. చికెన్‌ను జబ్బుపడ్డవాళ్లూ, బాగున్నవాళ్లూ ఇద్దరూ తిని, పెరుగు చట్నీ మాత్రం ఎక్కువగా జబ్బుపడ్డవాళ్లే తింటే అనుమానం అటు మళ్లుతుంది.

తర్వాత ల్యాబ్. సాల్మొనెల్లాలో 2,500కు పైగా రకాలున్నాయి. జీనోమ్ సీక్వెన్సింగ్ (అంటే బ్యాక్టీరియా జన్యు సమాచారం మొత్తాన్ని చదవడం) చేస్తే రోగి మలంలో దొరికినదీ, వంటకంలో దొరికినదీ ఎంత దగ్గరివో తెలుస్తుంది.

2008లో అమెరికాలో 1,400 మందికి పైగా జబ్బుపడితే మొదట టమాటాలను అనుమానించారు. తీరా చూస్తే అదే రకం మెక్సికో పచ్చిమిరపకాయల్లో, అక్కడి ఒక తోటకు పారించే నీళ్లలో దొరికింది! మిరప పండించే మన జిల్లావాళ్లం ఇది గట్టిగా పట్టించుకోవాలి.

మీరైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మలం శాంపిల్ ఇప్పించండి, మిగిలిన కూరలు పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆరోగ్య శాఖవాళ్లకు ఇవ్వండి. పసిపిల్లలు, ముసలివాళ్లు నీరసించిపోతుంటే మాత్రం ఇవన్నీ తర్వాత, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి.