ఇన్‌స్టాలర్ డిస్క్ దగ్గర ఆగిపోతుంటే

స్కూల్ లాప్‌టాప్‌లు 40 ఉన్నాయని, డెబియన్ లినక్స్ ప్రీసీడ్ ఫైల్ (ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైల్) డిస్క్ దగ్గర ఆగిపోతోందని, ఒకదాంట్లో పెన్‌డ్రైవే చెరిగిపోయిందని రాశారు. తప్పు మీ ఫైల్‌లో డిస్క్ పేరు రాసిన ఆ ఒక్క లైన్‌దే, టెన్షన్ పడకండి.

మీరు డిస్క్ పేరు ఎస్‌డీఏ (sda) అని ఇచ్చారు. ఈ చవక లాప్‌టాప్‌లలో ఉండేది హార్డ్ డిస్క్ కాదు, బోర్డుకే అతికించిన ఈఎంఎంసీ (eMMC) అనే స్టోరేజ్ చిప్. దాని పేరు ఎంఎంసీబీఎల్‌కే (mmcblk) అని మొదలవుతుంది. ఎస్‌డీఏ అయ్యేది మీరు పెట్టిన పెన్‌డ్రైవ్! అలాగని పేరు మార్చి ఊరుకోకండి. ఎస్‌డీ కార్డు కూడా అదే పేరుతో వస్తుంది, చివరి అంకె 0, 1 తారుమారు కావచ్చు. ప్రీసీడ్ ఫైల్‌లో, డిస్క్‌ను విభజించే ముందు నడిచే పార్ట్‌మన్ ఎర్లీ కమాండ్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి, పేరు చివర బూట్0 (boot0) అనే జత పరికరం ఉన్నదాన్నే ఎంచుకోమనండి. అది ఈఎంఎంసీకే ఉంటుంది, కార్డుకు ఉండదు. నేనైతే ఏదీ దొరక్కపోతే ఇన్‌స్టాల్ ఆగిపోయేలా రాస్తాను. పిల్లల ఫైళ్లున్న కార్డు చెరిగితే తిరిగి తేలేం.

మీ సొంత ప్యాకేజీలు, వాల్‌పేపర్ ఇన్‌స్టాల్ చివర్లో నడిచే లేట్ కమాండ్‌లో పెట్టుకోండి. కంప్యూటర్ పేరుకు సీరియల్ నంబర్ కన్నా వైఫై మ్యాక్ అడ్రస్ (వైఫై పరికరానికి ఉండే ప్రత్యేక నంబర్) మేలు, చవక మోడళ్లలో సీరియల్ ఖాళీగా ఉండొచ్చు.

తర్వాత ఒకదాన్నే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసి మిగతావాటికి కాపీ చేస్తారా? అయితే ఇమేజ్ తీసే ముందు మెషిన్ ఐడీ ఫైల్ (ఆ కంప్యూటర్‌ను గుర్తించే నంబర్ ఉండే ఫైల్) ఖాళీ చేయండి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు ఆ కంప్యూటర్‌ను గుర్తుపట్టే కీలు) తీసేయండి. లేకపోతే అన్నిటికీ అవే వస్తాయి. కీలను మొదటి బూట్‌లో కొత్తగా సృష్టించే సర్వీస్ కూడా పెట్టాలి. ముందు ఒక్క లాప్‌టాప్‌పై, కార్డు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి నడిపి చూడండి.