పాత ఫోటోలు, పాత గొంతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మ 1986 నుంచి 2009 దాకా కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసింది. యుద్ధమప్పుడు వచ్చేసి, మళ్లీ వెళ్లింది. నాన్న అక్కడే డ్రైవరు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ట్రంకుపెట్టెలో రెండు వందల ఫోటోలు, పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. నేనిప్పుడు కువైట్‌లోనే నర్సుని. వీటిని భద్రంగా దాచాలని ఉంది. అమ్మేమో "ఇంటిపని చేసుకున్నోళ్లకు చరిత్రేంది?" అంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, రైల్వే కోడూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను రాయచోటిలో ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాను. కువైట్ పోయే ఆడవాళ్లకు పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాణ్ణి. వాళ్లు విమానమెక్కిన కొన్నాళ్లకు అవ్వలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, "వాళ్లమ్మకు పంపాల, మొగం బాగా కనపడేట్టు తియ్యి నాయనా" అనేవాళ్లు. తల దువ్వి, పౌడరు రాసి, కొత్త గౌను తొడిగి తెచ్చేవాళ్లు. అలాంటి ఫోటోలు మీ పెట్టెలోనూ ఉంటాయి. వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర ఉండొచ్చు. కొన్నిటికి ముందు మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ కూడా పడి ఉంటుంది. అయితే కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టకపోతే అది తప్పు చూపిస్తుంది. అమ్మనడిగి సరిచూసుకోండి.

కువైట్ నగర చరిత్ర అనగానే అందరూ చూపించేవి కొన్నే. 1920లో ఊరి జనం కలిసి కట్టుకుని, 1957లో కూల్చేసిన కోట గోడ. మిగిలిన ద్వారాలు. చమురు. 1979లో తెరిచిన కువైట్ టవర్స్. సెలవు రోజున ఆ టవర్ల ముందు నిలబడి ఫోటో దిగినవాళ్లు మన ఉమ్మడి కడప జిల్లాలో వేలల్లో ఉంటారు. ఆ నగరంలో ఇళ్ల లోపల పొయ్యి ఎవరు వెలిగించారు, పసిపిల్లల్ని ఎవరు జోకొట్టారు అన్నది మాత్రం ఆ బొమ్మల్లో లేదు. అది మీ అమ్మగారి దగ్గరుంది. ఆమె అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఒక ఫోటో సంగతి చెబుతాను. ఆమధ్య ఒకామె బాగుచేయమని తెచ్చింది. సోఫాలో కువైటీ పిల్లాడు, వాణ్ణి పడిపోకుండా పట్టుకున్న చెయ్యి. మనిషి మాత్రం అంచున సగమే పడింది. ఎవరు తీశారమ్మా అంటే, "ఆ పిల్లోడి అక్క. నన్ను తియ్యలా, వాణ్ణి తీసింది" అంది. కాసేపాగి, "ఆ నెల్లోనే మా పాప నడక నేర్చింది, నేను చూడలా" అంది. ఆ రెండు మాటలు లేకపోతే అది ఎవరో పిల్లాడి ఫోటో. అందుకే ఒక్కో ఫోటో అమ్మ చేతికిచ్చి, ఫోన్లో రికార్డింగు పెట్టి అడగండి. ఎవరు తీశారు? ఇందులో కనపడనివాళ్లు ఎవరు? ఇది తీసే ముందు ఏం పని చేస్తున్నావు? ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి. ఆమె ఆగితే మీరు మాట అందించకండి. ఆగిన తర్వాతే అసలు సంగతి వస్తుంది. ఆమె కువైట్‌ను "కోయిట్" అంటే కోయిట్ అనే రాసుకోండి. మామా (ఇంటి యజమానురాలు), బాబా (యజమాని), అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి), ఇరవై నంబరు వీసా (ఇంటిపనివాళ్ల వీసా)... ఏ మాటనీ దిద్దకండి.

1990 సంగతి ఒక రోజంతా అడగండి. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్లు చాలామంది బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానమెక్కారు. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి 488 విమాన ప్రయాణాల్లో దాదాపు 1,70,000 మందిని తెచ్చిందంటారు. ఈ లెక్క ఎవరైనా చెబుతారు. బస్సులో మీ అమ్మ ఒళ్లో ఉన్న సంచిలో ఏముంది, తాగడానికి నీళ్లు ఎవరిచ్చారు, దాచుకున్న దినార్లు ఏమయ్యాయి, అంత జరిగాక మళ్లీ ఎందుకు వెళ్లింది? ఇవి ఆమే చెప్పాలి. చెప్పనంటే బలవంతం వద్దు. చెప్పినా బయట పెట్టొద్దంటే మీ దగ్గరే ఉంచండి. ఆమె పనిచేసిన ఇంటివాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల ముఖాలు నలుగురికీ పంచకండి.

ఇక క్యాసెట్లు. ఉత్తరం రాయడం రానివాళ్లు, రాసినా తృప్తి లేనివాళ్లు మాటలు క్యాసెట్లో నింపి పంపుకునేవాళ్లు. మీ నాన్నగారి గొంతు అందులో ఉండొచ్చు. ప్లేయర్లో వేసే ముందు చూడండి, క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి, విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. బూజు కనపడితే అసలు వేయొద్దు, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. బాగున్నవాటిని ఒకేసారి ఆడించి, అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించండి. మూడు కాపీలు, మూడు వేర్వేరు చోట్ల ఉంచండి.

స్టూడియో మూసేసినప్పుడు నేను పాత నెగెటివ్‌లన్నీ, వాటిల్లోంచి వెండి తీస్తామని వచ్చిన మనిషికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశాను. ఆ అవ్వలు, ఆ గౌన్ల పిల్లలు అందరూ అందులో పోయారు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టని రాత్రులుంటాయి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు మొదటి రోజే పెట్టె తెరవండి తల్లీ.

ప్రశ్న: ఫోటోల వెనక పేర్లు పెన్నుతో రాయవచ్చా? ఆల్బంలో అతుక్కున్నవాటిని ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పెన్ను వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. మెత్తని పెన్సిలుతో అంచు దగ్గర, నొక్కకుండా రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద పెన్సిలు నిలవకపోతే కవరు మీద రాసి, ఫోటోను అందులో పెట్టండి. అతుక్కున్నవాటిని పీకొద్దు, చాలాసార్లు ముఖమే ఊడొస్తుంది. ముందు పేజీ మొత్తాన్ని పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి. ఏది ఏ పక్కన ఉందో కూడా తెలియాలి. మీ నాన్న ఆ వరసలో ఎందుకు పెట్టాడో రేపు ఎవరైనా అడగొచ్చు.