ట్రెజరీ అని ఉన్నంత మాత్రాన రెవెన్యూ స్టాంపు కాదండీ

వాషింగ్టన్ బొమ్మ ఉన్న మీ గోధుమ రంగు 3 సెంట్ల అమెరికా స్టాంపు మీద ‘ట్రెజరీ’ (ఆర్థిక శాఖ) అని ఉంది కాబట్టి రెవెన్యూ స్టాంపేమో అని అడిగారు. కాదండీ, అది ఆఫీసు ఉత్తరాలకు అంటించే తపాలా బిళ్లే. అమెరికాలో 1873 జులై 1న అధికారుల ఉచిత తపాలా రద్దయ్యాక శాఖకో రంగు చొప్పున వేశారు: ట్రెజరీకి గోధుమ, నేవీకి నీలం, స్టేట్‌కి (విదేశాంగ శాఖ) ఆకుపచ్చ. పోస్టాఫీసు శాఖవి నలుపు, బొమ్మకు బదులు అంకె. నాకైతే అవే ఇష్టం.

1862లో మొదలైన రెవెన్యూ స్టాంపుల మీద ‘యు.ఎస్. ఇంటర్. రెవ్.’ (ఇంటర్నల్ రెవెన్యూ, అంటే దేశీయ పన్నులు) అని ఉంటుంది. వాటిని ఎక్కువగా పెన్నుతో పొడి అక్షరాలు, తేదీ రాసి రద్దు చేసేవారు. మీ ఫోటోలో మూలన ఉన్న నల్లటి మచ్చ మరక కాదు, బిరడా (కార్కు) ముక్కతో వేసిన తపాలా రద్దు ముద్ర. దాన్ని కడిగేయకండి!

ఇక మీ స్టాంపు ఏ ఏటి ముద్రణో చెప్పే కాగితం సంగతి. లైటుకు ఎదురుగా పట్టి చూడండి. ముతక నేతలా మచ్చలుగా కనిపిస్తే 1879 నాటి మెత్తటి కాగితం, సమంగా ఉంటే 1873 నాటి గట్టి కాగితం. రంగును బట్టి మాత్రం తేల్చకండి. వెనకవైపు ఫోటో కూడా పెట్టండి, చూద్దాం.