పక్క సీట్లో కూర్చుని చూసిన రేసు

“కారు రేసుల్లో నైపుణ్యం ఏముంది? డబ్బున్నవాడు ఖరీదైన బండి కొని గట్టిగా తొక్కితే గెలుస్తాడు, అంతేగా?” అని మీరు నన్ను అడిగారు.

నేను పాల్గొన్న మొదటి కార్ల ర్యాలీ గెలిచింది ఒక పాత వ్యాగన్ ఆర్. నడిపిన ఆయనకు యాభై దాటి ఉంటాయి. పక్కన కూర్చుని దారి చెప్పింది ఇంటర్ చదివే ఆయన కూతురు. ఆ రోజు వాళ్ల తర్వాతి స్థానాల్లో థార్‌లు, ఫార్చ్యూనర్‌లు, వేలకు వేలు పోసి టైర్లు మార్పించుకున్న బండ్లు చాలానే ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ వ్యాగన్ ఆర్ ఒక్కసారి కూడా గంటకు అరవై దాటి ఉండదని ఒట్టేసి చెప్పగలను.

అది 2019 డిసెంబరు మాట. ఓ క్లబ్బు వాళ్లు చేవెళ్ల నుంచి వికారాబాద్ అడవుల దాకా టీఎస్‌డీ ర్యాలీ పెట్టారు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అన్న మాట. మా బావకు బండ్లంటే ప్రాణం. ఆయన పక్కన కూర్చోవాల్సిన స్నేహితుడికి ముందురోజు రాత్రి జ్వరమొచ్చింది. నేను అకౌంట్స్ పని చేస్తాను కాబట్టి “నీకు లెక్కలొస్తయి గదా, వచ్చి కూసో బామ్మర్దీ” అని తెల్లారి నాలుగున్నరకు నన్ను నిద్రలేపి తీసుకెళ్లాడు. అప్పటికి నాకు రేసంటే టీవీలో కనిపించే రంగురంగుల బండ్లే.

బయలుదేరే చోట చేతికి ఒక రోడ్ బుక్ ఇచ్చారు. ఊరి పేరు ఒక్కటీ లేదు. ప్రతి వరసలో ఇంత దూరం దగ్గర ఈ మలుపు అని చిన్న బొమ్మ, పక్కన వెళ్లాల్సిన సగటు వేగం. 36 అని ఉంటే కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు. 40 అని మారితే 90 సెకన్లు. దారిలో ఎక్కడో, ఏ చెట్టు వెనకో, బల్ల వేసుకుని గడియారంతో మనుషులు కూర్చుని ఉంటారు. ఎక్కడున్నారో చెప్పరు. వాళ్ల ముందు నుంచి వెళ్లాల్సిన సెకనుకే వెళ్లాలి. మా ర్యాలీలో ఆలస్యానికి సెకనుకు ఒక పాయింటు కోత, తొందరపడితే రెండు. అంటే తొందరపాటు రెట్టింపు తప్పు. నాకు ఆ నియమం చూడగానే నచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. వాళ్లు కొలిచి పెట్టిన పది కిలోమీటర్లు మా బండి మీటర్లో 10.3 చూపించింది. టైర్ అరుగుదల, గాలి ఒత్తిడి, కంపెనీ వాడు పెట్టిన మీటరు, అన్నీ కలిసి తేడా. అక్కడి నుంచి ప్రతి అంకెనూ 0.97తో గుణించి చూసుకోవాలి, అదీ గుంతల్లో ఊగుతూ, ఒడిలో గడియారం పెట్టుకుని. ఇప్పుడు దీనికి ఫోన్‌లో యాప్‌లు వచ్చాయి. నాకవి ఇష్టం లేదు. లెక్క చేసేవాడి తలకు పని లేకపోతే ఆ సీట్లో మనిషెందుకు?

మన్నెగూడ దాటాక లోపలి రోడ్డులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. అప్పటిదాకా సెకనుకు సెకను సరిగ్గా ఉన్నాం. కాపరి పాపం కర్రతో తోలుతూనే ఉన్నాడు, కానీ గొర్రెలు వాటి లెక్కలో అవి నడుస్తాయి. దారి దొరికేసరికి 90 సెకన్లు పోయాయి. సగటు 36 ఉన్న చోట 48లో వెళ్తే కిలోమీటరుకు 25 సెకన్లు తిరిగొస్తాయి. మూడున్నర కిలోమీటర్లు దాటేసరికి అప్పు తీరిపోతుంది. “బావా, 48లో పో, అంతకు మించొద్దు” అన్నాను. బావ వినలేదు. “ఏం గాదులేరా, ఇప్పుడే కవర్ చేస్తా” అని ఎనభైకి ఎక్కించాడు. ఖాళీ రోడ్డు, పొద్దుటి ఎండ, అటూ ఇటూ పత్తి చేలు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే ఉంది. వద్దని ఇంకోసారి గట్టిగా అనలేదు.

రెండున్నర కిలోమీటర్లు కూడా కాలేదు. మలుపు తిరగగానే వేపచెట్టు కింద బల్ల, జెండా. 90 సెకన్లు వెనకున్నవాళ్లం 40 సెకన్లు ముందుకొచ్చేశాం. బల్ల కనిపించాక ఆగకూడదు, నత్తలా పాకకూడదు, అదింకో కోత. ఆ వంద మీటర్లు మా బావ ముఖం ఇప్పటికీ నాకు గుర్తే. 80 పాయింట్లు పోయాయి. నేను చెప్పిన 48లో వెళ్లుంటే అక్కడికి ఇంకా 30 సెకన్లు ఆలస్యంగా ఉండేవాళ్లం. 30 పాయింట్లతో పోయేది.

తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. అనంతగిరి ఘాట్ మొదలయ్యే ముందు బావ నా వైపు చూడకుండానే “నువ్ చెప్పు, నేను ఇంటా” అన్నాడు. ఆ ఘాట్ ఎక్కడం నా జీవితంలో మరిచిపోలేని పది నిమిషాలు. “రెండు సెకన్లు ముందున్నాం, కొంచెం వదులు.” వదిలేవాడు. “సరిపోయింది, పట్టు.” పట్టేవాడు. మలుపులో లారీ ఎదురైతే పోయిన మూడు సెకన్లు తర్వాతి తిన్నటి దారిలో ఎలా పంచుకోవాలో లెక్క. బండి ఆయన చేతిలో ఉంది, వేగం నా నోట్లో ఉంది. పైన బల్ల దగ్గర ఇచ్చిన చీటీ మీద మా తేడా 1 సెకను. బావ ఆ చీటీని సన్ వైజర్‌లో పెట్టుకున్నాడు, ఆ బండి అమ్మేసినప్పుడు కూడా గుర్తుపెట్టుకుని తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఏ రేసు చూసినా నా కళ్లు ఆ లెక్కనే వెతుకుతాయి. ఎక్కడ చూసినా దొరుకుతోంది కూడా.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది. 2013లో నోయిడా దగ్గర ఫార్ములా వన్ ఆగిపోయాక మన దేశానికొచ్చిన మొదటి ప్రపంచ స్థాయి కార్ల రేసు అది. మా ఆఫీసులో వారం రోజులు దాని గురించి మాట్లాడిందంతా ట్రాఫిక్ గురించే. ఇబ్బంది నిజమే, నేనూ పడ్డాను. కానీ 2.83 కిలోమీటర్లు, 18 మలుపుల దారిలో ఆ కరెంటు బండ్లు చేసిందేమిటో ఒక్కరైనా అడగలేదని నాకు ఇప్పటికీ బాధ. మేనల్లుణ్ణి తీసుకుని వెళ్లాను. స్టాండ్‌లో మా వెనకాయన “సౌండే లేదు, ఇదేం రేసు” అని మొదటి ల్యాపు (చుట్టు) నుంచీ గొణుగుతూనే ఉన్నాడు.

ఆ బండ్లకు ఇచ్చే కరెంటు మొదటి నుంచి చివరిదాకా గట్టిగా తొక్కితే చాలదు. బ్రేకు వేసినప్పుడు కొంత మళ్లీ బ్యాటరీలోకి వెనక్కి తెచ్చుకోవాలి. కాబట్టి ఎవడి దగ్గర ఎంత మిగిలిందన్నదే రేసు. అందరికన్నా ముందు నిలబడి మొదలుపెట్టిన మిచ్ ఎవాన్స్ సొంత జట్టు బండే తగిలి బయటికి పోయాడు. చివర్లో జాన్ ఎరిక్ వెర్న్ ముందు, నిక్ కాసిడీ వెనక. వెనకున్న కాసిడీ దగ్గరే ఎక్కువ కరెంటు ఉంది. వెర్న్ ఎక్కడ ఖర్చుపెట్టాలో అక్కడే పెట్టి, దారి మూయాల్సిన చోట మూసి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. మూడో స్థానంలో వచ్చిన సెబాస్టియన్ బ్యుయెమీకి, ఇచ్చిన హద్దు కన్నా ఎక్కువ పవర్ వాడాడని కోత వేసి ఆ స్థానం తీసేశారు. మేనల్లుడు అప్పుడు “మామా, ఇది మీ ర్యాలీ లాగే ఉంది” అన్నాడు. పదకొండేళ్లవాడికి అర్థమైంది. రెండో ఏడాది రేసు రద్దయినప్పుడు మా ఇంట్లో ఎక్కువ బాధపడింది వాడే.

“ఓవల్ రేసులైతే మరీ, ఎడమకు తిరగడమే కదా” అని కూడా కొందరంటారు, కోడిగుడ్డు ఆకారపు దారిలో జరిగే రేసుల గురించి. 2016లో అమెరికాలో అలాంటి రేసే, ఇండియానాపోలిస్ 500, నూరోసారి జరిగింది. 200 ల్యాపులు. అలెగ్జాండర్ రోసీకి అక్కడ అదే మొదటి రేసు. చివరి ట్యాంకు ఇంధనంతో 36 ల్యాపులు లాగాడు. తనకన్నా వేగంగా వెళ్తున్నవాళ్లంతా ఇంధనానికి ఆగాల్సొచ్చింది. చివరి ల్యాపులో క్లచ్ నొక్కి బండిని ఊరికే జారనిస్తూ గీత దాటాడు. ఆ తర్వాత ఇంధనం అయిపోయి ఆగిపోతే బండిని లాక్కొచ్చారు. గెలిచిన బండిని తాడు కట్టి తెచ్చారంటే, ఆయన లెక్క ఎంత కచ్చితమో చూడండి.

మంచి బండి ఉంటే చాలంటారా? 1988లో మొనాకోలో జరిగిన ఫార్ములా వన్ రేసులో సెన్నా, ప్రోస్ట్ ఒకే జట్టు, ఇద్దరికీ ఒకే రకం మెక్‌లారెన్ బండి. ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో సెన్నా ప్రోస్ట్ కన్నా దాదాపు సెకనున్నర వేగంగా తిరిగాడు. ఒకే రకం బండిలో అంత తేడా మనిషి వల్ల తప్ప ఇంక దేని వల్ల వస్తుంది? రేసులోనూ దాదాపు నిమిషం ముందున్నాడు. నెమ్మదిగా పొమ్మని జట్టువాళ్లు చెప్పాక, 67వ ల్యాపులో గోడకు కొట్టుకున్నాడు. ప్రోస్ట్ గెలిచాడు. సెన్నాను ఆరాధించేవాళ్లకు నా మాట నచ్చదు, కానీ నా ఉద్దేశంలో ఆ రోజు గెలవాల్సినవాడే గెలిచాడు.

అమెరికాలో ఊళ్లల్లో ఆడే డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నటి దారిలో రెండు బండ్లు పోటీపడే రేసుల్లో, బ్రాకెట్ అని ఒక పద్ధతి ఉంది. నా బండి ఇంత సమయంలో వెళ్తుందని ముందే అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. రాసుకున్నదాని కన్నా వేగంగా వెళ్తే ఓడిపోయినట్టే. దాని గురించి తెలిసిన రోజు బావకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను.

గౌరవ్ గిల్ పేరు మీరు వినే ఉంటారు. ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచాడు, 2019లో అర్జున అవార్డు వచ్చింది. మోటార్ రేసింగ్ నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటివాడు ఆయనే. ఆయన పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ర్యాలీల్లో సగటు వేగం గొడవ లేదు, నిజంగానే ప్రాణం పెట్టి తొక్కాలి. ముందే ఆ దారిలో తిరిగి రాసుకున్న నోట్స్‌ను పక్కవాడు చదువుతాడు: ఎడమ నాలుగు, లోపలికి బిగుస్తుంది, యాభై, మిట్ట దాటి కుడి మూడు. నాలుగు, మూడు అంటే మలుపు ఎంత పదునో, యాభై అంటే మీటర్లు. ఒక మలుపు ముందే చెబితే నడిపేవాడు గందరగోళపడతాడు, ఒక క్షణం ఆలస్యంగా చెబితే చెట్టే. తల దించుకుని, దారి చూడకుండా, నడుము కింద బండి ఊగే తీరును బట్టి ఎక్కడున్నామో తెలుసుకుంటూ చదవాలి. నాకు వీళ్ల మీద ఉన్న గౌరవం మరెవరి మీదా లేదు.

అర్ధరాత్రి ఐటీ కారిడార్‌లో బైకు ముందు చక్రం లేపి, ఎవరి ఇంటికో చావు కబురు మోసుకెళ్లే కుర్రాళ్లను మన టీవీలు “రేసర్లు” అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. రేసు ఆడేవాడికి సమయం ఉంటుంది, హద్దు ఉంటుంది, తప్పు చేస్తే కోత ఉంటుంది. వీళ్లకు మూడూ లేవు. మీరు అడిగిన ప్రశ్న కూడా సగం ఆ టీవీల పుణ్యమే అనుకుంటాను.

ఈసారి వికారాబాద్ వైపు వెళ్తే ఒక పని చేయండి. తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, ఎడమ పక్కన ఉండి, మీటరు సున్నా చేయండి. పక్కన కూర్చున్నవాళ్ల చేతికి గడియారం ఇవ్వండి. సగటు 36, పది కిలోమీటర్లు, సరిగ్గా 1000 సెకన్లు. మధ్యలో గొర్రెలు వస్తాయి, స్పీడ్ బ్రేకర్ వస్తుంది, ట్రాక్టర్ వస్తుంది. పదో కిలోమీటరు రాయి దగ్గర ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో నాకు రాయండి.