స్పే నది వెంట మొదటిసారి టెంటుతో వెళ్లేవాళ్లకు

"అక్కా, నది పక్కన టెంటు వేసుకుంటే పోలీసులు వస్తారా? వీసాకి ఏమైనా ఇబ్బందా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. గ్లాస్గోలో చదువుకోవడానికి వచ్చి ఆరు నెలలైందట. ఇదే ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

స్కాట్లండ్‌లో 2003లో భూసంస్కరణల చట్టం వచ్చింది. దాని ప్రకారం బాధ్యతగా ఉన్నంతవరకు చాలాచోట్ల నడవడానికి, చిన్న టెంటు వేసుకోవడానికి అందరికీ హక్కు ఉంది, మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదైనా సరే. ఇళ్ల పెరళ్లలోకి, పంట వేసిన చేలలోకి మాత్రం వెళ్లకూడదు. కొద్దిమందే ఉండాలి, ఒకేచోట రెండు మూడు రాత్రులకు మించి ఉండకూడదు. లాక్ లోమండ్ సరస్సు వైపు కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబర్ దాకా పర్మిట్ తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఇలాంటి హక్కు దాదాపు లేదు, అక్కడికెళ్లి ఇదే పని చేయకండి.

మొదటిసారికి నేను చెప్పేది స్పేసైడ్ వే. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న బకీ నుంచి న్యూటన్‌మోర్ దాకా సుమారు 137 కిలోమీటర్ల దారి, చాలావరకు స్పే నది లోయలోనే సాగుతుంది. మొత్తం ఒకేసారి నడవాలని పట్టుబట్టకండి. గ్లాస్గో నుంచైనా ఎడిన్‌బరా నుంచైనా రైల్లో అవీమోర్ వచ్చి దిగి, బోట్ ఆఫ్ గార్టెన్, నెథీ బ్రిడ్జ్ మీదుగా గ్రాంటౌన్ దాకా నడవండి. సుమారు 27 కిలోమీటర్లు, రెండు రోజులకు హాయిగా సరిపోతుంది. గ్రాంటౌన్‌లో రైల్వేస్టేషన్ లేదు, వెనక్కి బస్సులో రావాలి. దారి పొడవునా స్తంభాల మీద తిస్సిల్ పువ్వు గుర్తు ఉంటుంది, దాన్ని చూసుకుంటూ పోతే చాలు. రెండోసారి వెళ్తే బాలిండాలోక్ నుంచి క్రెయిగెలాకీ వరకు నడవండి. అది పాత రైలు మార్గం, పట్టాలు తీసేసి కాలిబాట చేశారు, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. క్రెయిగెలాకీలో థామస్ టెల్‌ఫర్డ్ అనే ఇంజినీరు 1814లో కట్టిన ఇనుప వంతెన ఇప్పటికీ నిలబడి ఉంది. దాని మీద నిలబడి కింద నీళ్లు చూడండి, నది ఎంత వేగంగా పోతుందో అర్థమవుతుంది.

అసలు ఇదంతా రాసింది ఆ నది గురించి చెప్పడానికే. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ స్కాట్లండ్ పెద్ద నదుల్లో స్పే చాలా వడిగలది. మన ఊళ్లో కాలవల్లో ఈదినవాళ్లమనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎండ బాగా కాసిన రోజు కూడా నీళ్లు మంచులా ఉంటాయి, దిగిన క్షణంలో ఊపిరి ఎగబీల్చేస్తుంది, చేతులు కాళ్లు మాట వినవు. 2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. అది వేరే నది, కానీ ఆ రోజు నుంచి ఎవరు ట్రిప్ అన్నా ముందు నేను ఇదే చెబుతున్నాను. ఫోటో కోసం తడి రాళ్ల మీదికి ఎక్కకండి. పొరపాటున పడితే వెంటనే ఈదాలని కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలదొక్కుకోండి.

టెంటు కూడా నీటికి దూరంగా, ఎత్తు మీదే వేయాలి. నా మొదటి ట్రిప్‌లో చదునుగా ఉందని ఒడ్డున ఇసుక మేట మీద వేశాను. రాత్రి మాకు చినుకు కూడా పడలేదు, పైన కెయిర్న్‌గార్మ్ కొండల్లో మాత్రం బాగా పడినట్టుంది. తెల్లవారుజామున నీళ్ల హోరు పెరిగి మెలకువ వచ్చి జిప్ తీసి చూస్తే, సాయంత్రం గిన్నె కడిగిన రాయి కనిపించలేదు, నీళ్లు టెంటుకి రెండడుగుల దూరంలో ఉన్నాయి. ఆ వణుకు ఇప్పటికీ గుర్తుంది.

మే మొదటి రెండు వారాలు మంచి సమయం. ఆ తర్వాత సెప్టెంబర్ దాకా మిడ్జ్‌లనే కుట్టే పురుగులు ఉంటాయి, మన నుసుములంత చిన్నవి, గాలి ఆగితే చాలు మొహం నిండా ముసురుకుంటాయి. తలకు వేసుకునే వల కొనుక్కోండి, గాలి తగిలే చోట టెంటు వేయండి. గడ్డిలో టిక్స్ ఉంటాయి, మన పశువులకు పట్టే గోమారి లాంటివే. రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక, నడుం దగ్గర, చంకల్లో చూసుకోవాలి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, నూనె పూయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ గుండ్రంగా పెద్దదవుతుంటే లైమ్ వ్యాధి కావచ్చు, వెంటనే జీపీకి (మీరు పేరు నమోదు చేసుకున్న డాక్టరుకి) చూపించండి.

బట్టల్లో జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. పొడి సాక్స్ ఒక జత ప్లాస్టిక్ కవర్‌లో విడిగా పెట్టుకోండి, దాన్ని పడుకునేటప్పుడే తీయండి. తిండికి నేనైతే ఇంట్లోనే ఉప్మా రవ్వ పోపుతో సహా వేయించి, కరివేపాకు కరకరలాడేలా ఆరబెట్టి జిప్ కవర్లో పోసుకుంటాను. మరిగే నీళ్లలో వేసి ఐదు నిమిషాలు మూత పెడితే అయిపోతుంది, పైన కాస్త నెయ్యి. చలికి తట్టుకోలేక టెంటు లోపల స్టవ్ వెలిగించారో, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వంట ఎప్పుడూ బయటే. కట్టెలతో మంట అసలు వేయకండి, అక్కడి పైన్ అడవులు ఎండాకాలం ఇట్టే అంటుకుంటాయి. చెంబుకి వెళ్లాల్సి వస్తే నీటికి కనీసం 30 మీటర్ల దూరం వెళ్లి, గుంట తీసి పూడ్చండి. వాడిన పేపర్ కవర్లో వేసి వెంట తెచ్చేసుకోండి.

నదిలో సాల్మన్ చేపలు పట్టేవాళ్లు నడుము లోతులో నిలబడి ఉంటారు. వాళ్ల దగ్గర రాళ్లు విసరడం, గట్టిగా అరవడం చేయకండి. దాటి వెళ్లేముందు ఒక మాట పలకరిస్తే ఎటు నుంచి వెళ్లాలో వాళ్లే చూపిస్తారు.

ఒక చెల్లి "మేం ముగ్గురం ఆడపిల్లలమే, వెళ్లొచ్చా?" అని అడిగింది. నిక్షేపంగా వెళ్లండి, మొదటి రాత్రికి క్యాంప్‌సైట్ బుక్ చేసుకోండి, స్నానానికి వేడినీళ్లు కూడా ఉంటాయి. బయల్దేరేముందు మీ ఫోన్ నుంచి ఇక్కడి అత్యవసర నంబర్ 999కి రిజిస్టర్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి, వచ్చిన జవాబుకి యెస్ అనండి. మాట్లాడేంత సిగ్నల్ లేనిచోట మెసేజ్‌తో సాయం అడగడానికి పనికొస్తుంది. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో, ఆదివారం ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో ఇక్కడున్న ఒక్కరికైనా రాసిచ్చి వెళ్లండి. ఎవరూ లేకపోతే నాకు పంపండి, నేను చూసుకుంటాను.