సార్ పంపిండు

బిడ్డా,

మానవ హక్కుల సంఘాల తరఫున రాసే, మాట్లాడే పిల్లలకు ఆన్‌లైన్ అబద్ధాలను ఎలా ఎదుర్కోవాలో నేర్పే పనిలో చేరుతున్నావట. మీ నాయన ఫోన్ చేసి, నేనే నీకు ఎక్కించినట్టు నా మీద అరిచాడు. వాణ్ని సముదాయించాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మీ పెద్దమ్మకు మాత్రం నీ సంగతి రెండుసార్లు గొప్పగా చెప్పుకున్నాను.

ఫోటో పాతదో కొత్తదో గూగుల్ లెన్స్‌లో చూడటం, పోస్టు మాయమయ్యేలోపే తేదీ, లింకుతో స్క్రీన్‌షాట్ దాచుకోవడం, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. మీ నాయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2018 మే నెల. నేను రిటైరై రెండేళ్లయింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్ ఒకటే మోగుతోంది. రాత్రయితే మన దేవరకొండ పక్క ఊళ్లలో మగవాళ్లు కట్టెలు పట్టుకుని కాపలా. అప్పుడు బాగా తిరిగిన వీడియోలో ఇద్దరు బైకు మీద వచ్చి పిల్లవాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిందట, చివర్లో పిల్లవాణ్ని తిరిగి దింపేస్తారట. ఆ ముక్క కోసేసి మన దగ్గర తిప్పారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. చూడగానే నకిలీ అనిపించి, ఊరి గ్రూపులో ఆ వీడియోనే పెట్టి, కింద ఇంకో మెసేజ్‌లో 'ఇది అబద్ధం, నమ్మకండి' అని రాశాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నా మాట కాదనేదెవరు అనుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టుకు ఒకతన్ని కట్టేసి ఉన్నారు. ఏటా వచ్చి కత్తులు సాన పట్టి పోయేవాడే. సైకిల్ పక్కన పడి ఉంది. సంచిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు దొరికాయి, పిల్లలకు ఎర అట! పెదవి పగిలి చొక్కా మీద రక్తం. కట్టినవాళ్లలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. "ఎవర్రా మీకు చెప్పింది?" అని గదిమితే ఒకడు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు.

"నువ్వే కద సార్ పంపినవ్!"

వీడియో పక్క గ్రూపులకు పోయింది. కింద నేను రాసింది దాని వెంట పోలేదు. 'సార్ పంపిండు' అన్న మాట మాత్రం పోయింది.

కట్లు నేనే విప్పాను. ఇంటికి తీసుకొచ్చి నీళ్లిస్తే, చెంబు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తూ కూర్చున్నాడు, తాగలేదు. మళ్లీ మన ఊరికి రాలేదు. మీ పెద్దమ్మ కొడవలికి ఇప్పుడు దేవరకొండలో సాన పట్టిస్తున్నాం. మన దగ్గర ప్రాణం పోలేదు. అదే నెలలో తెలంగాణలో వేరేచోట్ల అదే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు.

అందుకని అబద్ధపు ఫోటోను ఉన్నదున్నట్టు ఎప్పుడూ పంపనివ్వకు. పంపక తప్పకపోతే, ఎవరూ కోయలేకుండా దాని మీదే అడ్డంగా 'తప్పు' అని రాయమను.

మాటల విషయంలోనూ అంతే. పాలమూరు నుంచి ఇటుక బట్టీలకు పోయినవాళ్లు తిరిగొస్తే, 'అడ్వాన్సు ఎగ్గొట్టిన దొంగలు, వాళ్లకు హక్కులోళ్ల వత్తాసు' అని పోస్టు వస్తుంది. మీ పిల్లలు ఆవేశంగా 'వాళ్లు దొంగలు కాదు' అని రాస్తారు. చదివినవాడికి గుర్తుండేది దొంగలు అన్న మాటే. అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి, వెట్టి అప్పును 1976 చట్టమే రద్దు చేసింది అని మొదటి వాక్యంలోనే రాయాలి. ఆ పోస్టు సంగతి తర్వాత ఒక్క ముక్క చాలు.

పోస్టర్లతోనే ఆగకు. ఆ 2018లోనే గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. మన దేశంలో ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ అడ్డుకట్ట వేసింది జూలైలో. డప్పు అంతకుముందే మోగింది. పాలమూరు యాసలో అర నిమిషం ఆడియో చేయడం కూడా నేర్పు.

ఇంకోటి. అత్యాచారం కేసుల్లో అబద్ధాన్ని ఖండించే తొందరలో మనవాళ్లే ఆ అమ్మాయి పేరు రాసేస్తారు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 72వ సెక్షన్ కింద అది నేరం.

నీ మీదా రాస్తారు. ఎవరి డబ్బుకో పనిచేస్తోందంటారు, ఫోటోలు మారుస్తారు. నా నిద్ర పోయింది దీనికే. ఇంటి అడ్రసు, మీ నాయన నంబరు ఎక్కడా కనపడనివ్వకు. రాత్రి పదకొండు దాటాక ఎవరికీ జవాబివ్వకు. ఆకలిగా ఉన్నప్పుడు అసలే వద్దు. నాలుగేళ్లప్పుడు అన్నం ఆలస్యమైందని నా కళ్లజోడు విరగ్గొట్టినదానివి.

ఆ వీడియో నా పాత ఫోన్‌లో ఇంకా ఉంది. క్లాసులో చూపిస్తానంటే పంపుతా. పంపొద్దని ఇంత చెప్పి మళ్లీ పంపుతానంటున్నా చూడు! వద్దులే, నోటితోనే చెప్పు. ఆ సార్ మా పెద్దనాయనే అని కూడా చెప్పు. ఊరి పేరు మాత్రం చెప్పకు, అతన్ని కట్టేసిన నా శిష్యులకు ఇప్పుడు పిల్లలున్నారు.

మీ పెద్దనాయన