కెర్నల్ మార్చాక బూట్ ఎంట్రీలు కనిపించట్లేదా? ఫార్మాట్ మాత్రం కొట్టకండి

ప్రశ్న: సార్, నా ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్ కెర్నల్‌ని (దాని అసలు కోర్ ప్రోగ్రామ్‌ని) 5.10 నుంచి 6.1కి అప్‌గ్రేడ్ చేశా. అప్పట్నుంచి విండోస్‌లోకి రీబూట్ చేసే నా పాత స్క్రిప్ట్ పనిచేయట్లేదు, అది చదివే వార్స్ ఫోల్డరే మాయమైంది. బూట్ మేనేజర్ కమాండ్ (ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్) కొడితే ఈఎఫ్ఐ వేరియబుల్స్, అంటే మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ దాచుకునే సెట్టింగ్‌లకి, సపోర్ట్ లేదంటోంది. విండోస్ పోయినట్టేనా? అంతా ఫార్మాట్ చేయాలా?

జవాబు: వద్దండీ, ఏమీ పోలేదు. ఏ సిస్టమ్ స్టార్ట్ కావాలో చెప్పే బూట్ ఎంట్రీలుండేది హార్డ్ డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డ్ మీదున్న చిన్న మెమరీలో, ఫార్మాట్ కొడితే మీ ఫైల్స్ పోతాయి తప్ప ఈ సమస్య అలాగే ఉంటుంది.

మీ స్క్రిప్ట్ వెతుకుతున్న ఆ వార్స్ ఫోల్డర్‌ని కెర్నల్ 6.0లో పూర్తిగా తీసేశారు, ఇక తిరిగి రాదు. అందులో ఒక్కో వేరియబుల్‌కి 1024 బైట్ల లిమిట్ ఉండేది, నమ్మకమైన సిస్టమ్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ కీలకి అది చాలదు, అందుకే 2013లో 3.8 కెర్నల్‌తోనే ఈఎఫ్ఐవార్‌ఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్‌సిస్టమ్ తెచ్చారు.

ముందు సిస్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే సిస్టమ్ ఈఎఫ్ఐ కాకుండా పాత పద్ధతైన లెగసీ మోడ్‌లో బూటయినట్టే, బయాస్‌లో మోడ్ మార్చాలి. ఉండి, దాని లోపలి ఈఎఫ్ఐవార్స్ ఖాళీగా ఉంటే అది మౌంట్ కాలేదు, అంటే ఆ ఫోల్డర్‌కి జతకాలేదు, రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) మౌంట్ మైనస్ టీ కొట్టి ఈఎఫ్ఐవార్‌ఎఫ్ఎస్ అని రెండుసార్లు రాసి చివర్లో ఆ ఫోల్డర్ పాత్ ఇవ్వండి, చాలామందికి ఇక్కడితోనే అయిపోతుంది. మౌంట్ కూడా కుదరదంటే కెర్నల్ ఆప్షన్లలో, ఈఎఫ్ఐ రన్‌టైమ్ సర్వీసుల్ని ఆపేసే నోరన్‌టైమ్ అని ఉందేమో చూడండి. ఆడియో పనికోసం రియల్‌టైమ్ కెర్నల్ (ఆలస్యం లేకుండా స్పందించే రకం) వేసుంటే అది ఈ సర్వీసుల్ని తనంతట తానే ఆపేస్తుంది, బూట్ లైన్‌లో ఈఎఫ్ఐ ఈక్వల్స్ రన్‌టైమ్ అని పెట్టాలి.

చదవడం వస్తోంది కానీ రాస్తుంటే స్పేస్ లేదంటే, డంప్ అని మొదలయ్యే ఫైల్స్ కోసం చూడండి. అవి పాత క్రాష్ లాగ్‌లు, కాపీ తీసుకుని డిలీట్ చేయొచ్చు. మిగతా వాటి జోలికి దయచేసి వెళ్లకండి!! రూట్‌గా ఇక్కడ అన్నీ చెరిపేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ ఆన్ కూడా కాలేదు, అందుకే 2016లో 4.5 కెర్నల్ నుంచి ఈ ఫైల్స్‌లో చాలావాటికి లాక్ వేస్తున్నారు. ఆ లాక్ తీసేయమనే చిట్కాలు కనిపిస్తాయి, ఏ ఫైలో తెలియకుండా తీయొద్దు.

ఇక స్క్రిప్ట్ సంగతి. పాత పద్ధతిలో ఒక్కో వేరియబుల్‌కి ఒక ఫోల్డర్, అందులో డేటా అని విడిగా ఫైల్ ఉండేది, ఇప్పుడు వేరియబుల్‌కి ఒకే ఫైల్, దానిలో మొదటి 4 బైట్లు ఆట్రిబ్యూట్లు (ఆ వేరియబుల్ లక్షణాలు), అసలు డేటా ఐదో బైట్ నుంచి మొదలవుతుంది. పాత్ ఒక్కటే మార్చి వదిలేస్తే తప్పు విలువ చదువుతుంది. అసలు ఆ స్క్రిప్ట్ పక్కనపెట్టి బూట్ మేనేజర్ కమాండ్‌లోనే బూట్‌నెక్స్ట్ ఆప్షన్‌కి విండోస్ ఎంట్రీ నంబర్ ఇవ్వండి, తర్వాతి ఒక్క బూట్‌కే విండోస్‌లోకి వెళ్తుంది, ఆ తర్వాత మామూలుగా లినక్సే వస్తుంది.